పన్నెండో ముఖం

మందిరం పైకప్పు మీద నుంచి,
మిట్టమధ్యాహ్నం.

బావా,

నువ్వు అక్కడ ఫ్యాను కింద కూర్చుని ఫైళ్ళకి ముడులు వేసుకుంటూ ఉంటావు. నేనిక్కడ పెనం మీద అట్టులా కాలుతున్నా. అయినా నీ మీద కోపం లేదు. ఈ పనిలో పెట్టించింది నువ్వే కదా. "ఇతను నా భార్య తమ్ముడు, పని తప్ప వేషాలు వెయ్యడు" అని సంతకం పెట్టి మరీ ఇచ్చావు. ఆ కాగితం చదివి మా పెద్ద మేస్త్రీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఈ మందిరం సంగతి చెప్తా విను. నోట్సు మేడమ్ చెప్పింది. ఆవిడ అసలు పేరు వేరే ఉందిలే, ఎప్పుడూ చేతిలో నోటుబుక్కు ఉంటుందని నేను పెట్టుకున్న పేరు అది. పాత కట్టడాల గురించి పరిశోధన చేస్తుంది. కింద మూడు వరసల రాళ్ళు సూర్యుడికి మొక్కినవాళ్ళు పేర్చారట. వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు తూర్పు గుమ్మం మూసేసి పడమర గుమ్మం తెరిచారు. ఆ తర్వాతివాళ్ళు గుమ్మటం పెట్టారు, ఇంకొకళ్ళు గంట కట్టారు. మధ్యలో ఎనభై ఏళ్ళు గడ్డి గోదాము. దేవుడు మారినప్పుడల్లా గుమ్మం మారింది గానీ కప్పు కారడం మాత్రం మారలేదు బావా. అందుకే నేనొచ్చా.

వాననీళ్ళు గోడ మీద పడకుండా దూరంగా పొయ్యడానికి చూరు చుట్టూ రాతి ముఖాలున్నాయి. నీళ్ళు వాటి నోట్లోంచి పడతాయి. ఒక దేశంలో గుళ్ళకి సింహాలు పెడతారట, ఒక చోట మొసళ్ళు, ఇంకో చోట రెక్కలున్న కుక్కలు. మేడమ్ బొమ్మలు చూపించింది. మన దానికి మాత్రం మనుషులే. నోళ్ళు బార్లా తెరిచి పదకొండుమంది. పన్నెండోది ఎప్పుడో విరిగి పడిపోయింది. ఆ చోట కొత్త రాయి పెట్టే పని నాది.

మేడమ్ రెండు నెలలు సెలవులో ఉంది. పెద్ద మేస్త్రీకి నడుం పట్టేసి మంచం దిగడం లేదు. కాబట్టి కప్పు మీద ప్రస్తుతానికి రాజునీ నేనే, మంత్రినీ నేనే.

నీకిక్కడ ఒక గొప్ప గౌరవం జరగబోతోంది. ఏంటో చెప్పను.

నీ ఒక్కగానొక్క బావమరిది.

*

ఆఫీసు, రెండో అంతస్తు.

బావమరిదికి,

నీ ఉత్తరం చేరింది. గౌరవాలు నాకు వద్దు. ఇదివరకు నువ్వు చేసిన గౌరవాలు నాకింకా గుర్తున్నాయి. బఠాణీ అని చెప్పి నా చేతిలో గులకరాయి పెట్టావు. ఆ పన్ను మళ్ళీ రాలేదు.

రూలు మరోసారి రాస్తున్నాను. పాత రాయి రూపం ఏమిటో తెలియని చోట కొత్త రాయిని నున్నగా వదిలెయ్యాలి. బొమ్మలు చెక్కకూడదు. ఇది కొత్తదని తెలిసేలా దాని మీద సంవత్సరం చెక్కాలి. వందేళ్ళ తర్వాత చూసేవాడు మోసపోకూడదు. మా శాఖ ఉన్నదే అందుకు.

సంవత్సరం చెక్కావా లేదా? ఒక్క ముక్కలో జవాబు రాయి.

నా సర్వీసు ఇంక అయిదు నెలలుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను తప్పుడు కాగితం మీద సంతకం పెట్టలేదు. నాకు అనుమానమున్నది నీకిచ్చిన ఆ ఒక్కటే. అది తప్పని నిరూపించకు.

బావ.

(ఒరేయ్ తమ్ముడూ, ఆయన కవరు అంటించేలోపు రాస్తున్నా. టోపీ పెట్టుకుని ఎండలో పని చెయ్యి. గౌరవం అంటే ఏంట్రా? నాకొక్కదానికి చెప్పు. — అక్క.)

*

మందిరం వెనక, రాళ్ళ కుప్ప మీద కూర్చుని.

బావా,

ఒక్క ముక్కలో జవాబు రాయమన్నావు. ఐదో తరగతితోనే బడికీ నాకూ చెల్లిపోయింది, ఒక్క ముక్కలో చెప్పేంత చదువు లేదు. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

నున్నటి రాయి పెట్టి చూశా బావా. నిజంగానే పెట్టి కింద నుంచి చూశా. పెళ్ళి ఫోటోలో పదకొండుమంది నిలబడితే పన్నెండోవాడు నెత్తి మీద దుప్పటి కప్పుకున్నట్టుంది. దించేశా.

ఇక వింత విను. ఇక్కడే పక్కనున్న పెంకుల కుప్ప తవ్వుతుంటే పాత ముఖమే దొరికింది! అచ్చంగా పన్నెండోదే. ఎత్తి పెట్టేశా, సరిగ్గా కూర్చుంది. పాతదే కాబట్టి సంవత్సరం చెక్కే పనే లేదు. చూశావా, నీ రూలు నేను ఎంత బాగా పాటిస్తున్నానో.

నిన్న మేడమ్ సెలవు నుంచి వచ్చింది. బస్సు దిగి, పెట్టె కింద పెట్టి, పైకి చూసింది. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ పన్నెండు దగ్గర ఆగిపోయింది. మనిషి కొయ్యబారిపోయింది. నేను నవ్వడానికి రెడీగా నిలబడ్డా. ఆవిడ ఏడ్చింది బావా. ఆనందంతో. "ఆరేళ్ళుగా దీని కోసమే వెతుకుతున్నాను" అని నా సుత్తి చెయ్యి పట్టుకుని ఊపేసింది.

అప్పట్నుంచీ నాకు అన్నం సహించడం లేదు. ఎండ దెబ్బ అయ్యుంటుంది.

నీ బావమరిది.

*

ఆఫీసు. తలుపు వేసుకుని రాస్తున్నాను.

బావమరిదికి,

ఈ రోజు ఉదయం పదకొండు గంటలకి మీ మేడమ్ పంపిన నివేదిక నా టేబుల్ మీదికి వచ్చింది. అందులో పన్నెండో ముఖం ఫోటో ఉంది.

ఆ ఫోటోలో నేనున్నాను.

నా వయసు ఆరు వందల ఏళ్ళని రాసి ఉంది.

ఇంకా రాసి ఉన్నవి ఇవి. "మిగతా ముఖాలన్నిటి కంటే ఉగ్రమైనది. దుష్టశక్తులు దీన్ని చూసి పారిపోవాలని శిల్పి ఉద్దేశం." "ముక్కు పక్కన పుట్టుమచ్చ మూడో కంటికి సంకేతం." "కింది వరసలో ఒక పన్ను కాలగతిలో విరిగిపోయింది." అది కాలగతిలో విరగలేదు. ఎలా విరిగిందో నీకూ నాకూ తెలుసు.

మా సెక్షన్ క్లర్కు ఫోటో చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. టీ తెస్తానని వెళ్ళిపోయాడు. నేను టీ అడగలేదు.

పెంకుల కుప్పలో దొరికిందని నాకు కూడా అబద్ధం రాశావు. మేడమ్‌కి చెప్పావు, అది మరీ తప్పు. ఆవిడ దీని మీద పుస్తకం రాస్తానంటోంది. రేపు ఎవడో ఒకడు కనిపెడితే నవ్వులపాలయ్యేది నువ్వు కాదు, ఆవిడ.

సరిగ్గా పదిహేను రోజులకి కమిటీతో కలిసి తనిఖీకి వస్తున్నాను. నేను వచ్చేలోపు నీ నోటితో నువ్వే ఆవిడకి నిజం చెప్పాలి. నీ పని పోతుంది. నా సంతకం విలువ కూడా పోతుంది. పోనీ. చెప్పు.

బావ.

(తమ్ముడూ, ఫోటో నేనూ చూశా. మీసం బాగా కుదిరింది. ఆయన దగ్గర అనలేదులే. కానీ నిజం చెప్పెయ్యరా. — అక్క.)

*

మందిరం కప్పు మీద, పన్నెండో ముఖం పక్కన.

బావా,

ముందు తిట్టుకో. అయిందా? ఇప్పుడు చదువు.

మేడమ్ బస్సు దిగిన రోజే ఒక గంట ఆటపట్టించి చెప్పేద్దామనుకున్నా. ఆవిడ ఏడ్చేసరికి నా నోరు పడిపోయింది. ఇంకో మాట కూడా చెప్తా, నవ్వకు. నలభై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ప్రహరీ గోడలే కట్టా. కట్టిన ప్రతి గోడ మీదా ఎవడో ఒకడు కాగితాలు అంటించాడు. ఈ కప్పు మీద నా చేతి పని మనిద్దరం పోయాక కూడా ఉంటుంది. ఇక్కణ్ణుంచి దిగిపొమ్మంటారని తలుచుకుంటే గుండెల్లో రాయి పడుతోంది. అదీ భయం.

అయినా నువ్వు చెప్పమన్నావు కాబట్టి నిన్న పొద్దున్నే వెళ్ళి చెప్పా. ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

"మేడమ్, ఆ ముఖం నేనే చెక్కా."

"ఊఁ."

"అది మా బావ ముఖం."

"మొన్న స్తంభం మీద రాతిబల్లి వారానికి ఒక వేలెడు కదులుతోందని చెప్పావు. మూడు రోజులు టేపు పెట్టి కొలిచాను. గుర్తుందా?"

"అది వేళాకోళం మేడమ్. ఇది నిజం."

"బల్లి గురించి కూడా ఇదే మాట అన్నావు."

ముఖం మీది నాచు సంగతి చూడమన్నా. పులిసిన పెరుగులో టీ, మసి కలిపి పూసి ఎండబెడితే కొత్త రాయి మీద వారంలో పాచి పడుతుంది, ఆ తొట్టి ఇదిగో ఇక్కడే ఉందని చూపించా. ఆవిడ ముక్కు మూసుకుంది. తర్వాత నెమ్మదిగా, జాలిగా అంది: "నువ్వు మంచి పనివాడివే. కానీ ఈ చెంప చెక్కడం, ఈ కంటి కొసన ముడతలు... ఇది మహాశిల్పి పని. నీ వల్ల కాదు."

బావా, నా జన్మలో నన్ను ఎవరూ అంత పొగడలేదు, అంత తిట్టలేదు. రెండూ ఒకే ముక్కలో.

పెద్ద మేస్త్రీ నడుం సర్దుకుని వచ్చాడు. ఆయన్నయినా నమ్మించబోయా. "వీడు నిజం చెప్పిన రోజున నేను ఉలి కింద పెట్టేస్తా" అన్నాడు. నువ్వు నమ్మవు గానీ నేను ఎంత గట్టిగా ఒప్పుకుంటే వాళ్ళు అంత గట్టిగా నవ్వుతున్నారు.

ఇక మిగిలింది ఒకటే దారి. నువ్వు వచ్చినప్పుడు ఆ ముఖం కింద నిలబడి నోరు తెరవాలి.

నీ బావమరిది.

*

ఆఫీసు.

బావమరిదికి,

వస్తాను. నిలబడతాను. నోరు తెరవడం నా హోదాకి తగదు.

బావ.

(తెరుస్తార్రా. అద్దం ముందు నిలబడి చూసుకుంటున్నారు. — అక్క.)

*

ఇంటి నుంచి, వంటగది గట్టు మీద కాగితం పెట్టుకుని.

ఒరేయ్ తమ్ముడూ,

ఏం చేశావురా మీ బావని? నిన్న సాయంత్రం వచ్చారు. చొక్కా మీద తెల్లటి మరకలు, పుల్లటి కంపు. గొడుగు ఒక పుల్ల విరిగింది. ఏమైందండీ అంటే "తనిఖీ పూర్తయింది" అన్నారు. అంతే. కంచం ముందు కూర్చుని ఉన్నట్టుండి భుజాలు కదిలించారు. దగ్గేమోనని నీళ్ళిచ్చా. నీళ్ళు తాగుతూ మళ్ళీ కదిలించారు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. లోపల్నుంచి ఏవో చప్పుళ్ళు. ఈ పాతికేళ్ళలో నేనెప్పుడూ వినలేదు, ఒక్కసారి తప్ప. మన ఇంటి గోడ వానకి కూలిపోయిందే, ఆ ఏడు.

పని పోయిందా, ఉందా? నీ కోసం దిగులుగా ఉంది. ఆయన్ని అడిగితే "ఆర్డరు తయారవుతోంది" అంటున్నారు. నాకు ఆర్డరు కాదు కావలసింది. జరిగింది జరిగినట్టు రాయి. కోతలు కొయ్యకు.

అక్క.

*

మందిరం మెట్ల మీద నుంచి.

అక్కా,

ఒట్టు, కోతలు లేవు.

కమిటీ అంటే ముగ్గురు పెద్దమనుషులు. వాళ్ళతో బావ. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. మేము చూరు దాకా కర్రలతో మంచె కట్టి, నిలబడ్డానికి చెక్కపలకలు వేసుకున్నాం. అందరం దాని మీదికి ఎక్కాం. బావని సరిగ్గా పన్నెండో ముఖం కింద నిలబెట్టారు. మేడమ్ ఫోటో పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"కోపంగా చూడండి సార్" అంది.

బావ చూశాడు.

"ఇంకొంచెం కోపంగా."

"ఇది నా పూర్తి కోపం" అన్నాడు బావ.

నోరు కూడా తెరిచాడక్కా, హోదా పక్కన పెట్టి. నన్ను చూసి "ఓరి వెధవా!" అని గుమ్మటం అదిరేలా అరిచాడు. పావురాలు లేచిపోయాయి. పెద్దమనుషులు ముగ్గురూ పైనున్న ముఖాన్ని చూశారు, కింద ఉన్న ముఖాన్ని చూశారు. మీసం ఉంది, మచ్చ ఉంది, పన్ను లేదు. కానీ ఎక్కడో తేడా.

"చూశారా" అంది మేడమ్, గుండె నిండా ఊపిరి తీసుకుని. "ఈయన చెంపలు కిందికి జారాయి. రాతిలో పైకి ఉన్నాయి. పోలిక ఉంటే ఉండచ్చు. ఆయన ఈయన కాదు."

పెద్దమనుషులు తలలూపి కలాలు తీశారు.

నిజం చెప్పనా అక్కా? ఆ క్షణం నేను నోరు మూసుకుని నిలబడితే చాలు. పని ఉండేది, కప్పు ఉండేది, బావ సంతకానికి మచ్చ ఉండేది కాదు. ఆ పలక మీద నిలబడి అదే ఆలోచించా. మేడమ్ నోటుబుక్కులో ఏదో రాసుకుంటోంది, చిన్నపిల్లలా నవ్వుకుంటోంది. పుస్తకం గురించే అయ్యుంటుంది. అప్పుడు నాకు వాళ్ళందరూ పొరపడింది ఎక్కడో చెప్పక తప్పదనిపించింది. నేను చెక్కింది కోపం కాదు. బావ నవ్వు. మన గోడ కూలిన ఏడు బావ పదకొండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు కదా, నేను మట్టి గుంతలో నడుం లోతు పడితే పగలబడి నవ్వాడు కదా, ఆ నవ్వు. బావ నవ్వగా చూసినవాళ్ళు లోకంలో మనిద్దరమే కాబట్టి అందరూ దాన్ని కోపమే అనుకున్నారు.

మరి నవ్వమని చెప్తే నవ్వే మనిషా ఆయన? అదే ఆలోచిస్తూ ఒక అడుగు వెనక్కి వేశా. కాలు జారింది. వెనకే పెరుగు తొట్టి ఉంది. కూర్చున్నా. మామూలుగా కాదు, మోకాళ్ళు చెవులకి తగిలేలా. ఆ పెరుగు నెల రోజుల నాటిది.

ముందు బావ గొడుగు జారిపోయింది. ఆ తర్వాత ఆయన నోరు తెరుచుకుంది. అక్కా, చెంపలు పైకి వెళ్ళాయి, కళ్ళు రెండు గీతలయ్యాయి, పన్ను లేని సందు బయటికొచ్చింది. నన్ను పైకి లాగబోయి ఆయనా పెరుగులో చెయ్యి పెట్టి, ఇంకా ఎక్కువ నవ్వి, పలక మీద కూలబడ్డాడు. సరిగ్గా ముఖం కిందే. పైన ఒకటి, కింద ఒకటి. ఇక చూడక్కరలేదు.

పెద్దమనుషుల్లో ఒకాయన "అచ్చు గుద్దినట్టుంది" అన్నాడు. పెద్ద మేస్త్రీ మొలలోంచి ఉలి తీసి కింద పెట్టాడు. కాసేపాగి మళ్ళీ తీసుకున్నాడనుకో.

నేను తొట్టిలో నుంచే "మేడమ్, తప్పయిపోయింది. మిమ్మల్ని ఏడిపించాలనుకోలేదు" అన్నా. ఆవిడ నా వైపు చూడలేదు. చకచకా వెళ్ళిపోయింది. మంచె మీద చుట్టూ తిరిగి ఒక్కొక్క ముఖం దగ్గరా ఆగింది. చేత్తో చెంపలు తడిమింది. పదకొండూ అయ్యేసరికి అరగంట పట్టింది. తిరిగొచ్చి మెల్లగా అంది: "వీళ్ళవి కూడా పైకే ఉన్నాయి. ఆరేళ్ళుగా వీళ్ళందరూ కోపంగా ఉన్నారని రాస్తున్నాను."

ఒకడికి పంటినొప్పితో బుగ్గ వాచిందట. ఒకడికి మెల్లకన్నట. ఇంకొకడి చెవి వెనక సుద్దముక్క ఉందట, మన పనివాళ్ళు పెట్టుకునేట్టే. దయ్యాల్ని తరిమే ముఖాలు కావక్కా. ఆ రోజుల్లో ఈ కప్పు మీద పని చేసినవాళ్ళు ఒకళ్ళ బావల్ని ఒకళ్ళు చెక్కి పెట్టేశారు. ఏ దేవుడొచ్చినా, ఏ గుమ్మం మూసినా, వీళ్ళు పైనుంచి నవ్వుతూనే ఉన్నారు.

మేడమ్ పాత కాగితాలు చించేసి కొత్త పేజీ తీసింది. నన్ను క్షమించిందా అంటే చెప్పలేను. ఈ ఏడాదంతా ప్రతి శనివారం ఆ రాతిబల్లిని టేపుతో కొలిచి, ఎంత కదిలిందో రాసి, కింద సంతకం పెట్టాలట. మొదటి వారం అయింది. కదల్లేదు.

నా పని సంగతి బావ చేతిలో ఉంది. మూటాముల్లే కట్టుకుని మెట్ల మీద కూర్చున్నా.

తమ్ముడు.

*

ఆఫీసు, రెండో అంతస్తు.

బావమరిదికి,

కమిటీ ఆర్డరు విడిగా వస్తుంది. సారాంశం ఇది. పన్నెండో ముఖం కొత్తది. దించమని ఇద్దరు, ఉంచమని ఇద్దరు అన్నారు. ఆ రెండో ఇద్దరిలో నోట్సు మేడమ్ ఒకరు. నిర్ణయం నాకు వదిలారు. సొంత ముఖం గురించి తీర్పు చెప్పడం రూలు ప్రకారం కుదరదని రాశాను. అప్పుడు పెద్ద మేస్త్రీని అడిగారు. "ఉంచండి, నీళ్ళు బాగా పోస్తోంది" అన్నాడు. ఉంచారు.

కింద నిలబడినవాళ్ళకి స్పష్టంగా కనపడేలా నా గడ్డం మీద ఈ సంవత్సరం చెక్కాలి. ఇది నీ చేత్తోనే జరగాలి. మూట విప్పు. పని పూర్తయ్యే వరకు పెద్ద మేస్త్రీ కంటి ముందు ఉండాలి. పెరుగు తొట్టి తీసెయ్యాలి.

నీకిచ్చిన పూచీ కాగితం వెనక్కి తెప్పించుకున్నాను. "పని తప్ప వేషాలు వెయ్యడు" అన్న మాట కొట్టేసి, "వేషాలతో పాటు పని కూడా చేస్తాడు" అని దిద్ది మళ్ళీ సంతకం పెట్టాను. ఇప్పుడది సరైన కాగితం.

చివరగా ఒక విషయం. నేను ముప్పై ఒక్క ఏళ్ళుగా తనిఖీలు చేస్తున్నాను. నవ్వుతూ కింద కూలబడ్డప్పుడు కూడా నా చెయ్యి అలవాటుగా పలకని తడిమింది. నువ్వు జారిన చోటు పొడిగా ఉంది. నాచు లేదు, నీళ్ళు లేవు. రిపోర్టులో రాయలేదు.

మా గోడ కూలిన ఏడు ఆ మట్టి గుంత గట్టు కూడా పొడిగానే ఉండేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

బావ.